దయ్యాల బార్ అసలు లెక్క: ఒక నిజమైన హత్య, దాని చుట్టూ అల్లిన పుకార్లు

అమెరికాలో కెంటకీ రాష్ట్రం ఉత్తరపు అంచున వైల్డర్ అనే చిన్న ఊరు ఉంది. ఒహాయో నదికి అటు సిన్సినాటి నగరం, ఇటు న్యూపోర్ట్ పట్టణం, ఆ పక్కనే వైల్డర్. అక్కడ లికింగ్ నది పక్కన రోడ్డు మీద ఒక బార్ ఉండేది. పేరు బాబీ మాకీస్ మ్యూజిక్ వరల్డ్. బాబీ మాకీ అనే కంట్రీ పాటల గాయకుడు 1978లో దాన్ని మొదలుపెట్టాడు. వారాంతం వస్తే చుట్టుపక్కల జనం వచ్చి పాటలు వినేవారు, డాన్సు చేసేవారు, కుర్రాళ్ళు మిషన్ ఎద్దు మీద ఎక్కి కిందపడేవారు. అమెరికాలో ఇలాంటి బార్లు ఊరికొకటి ఉంటాయి.

ఈ బార్‌కి మాత్రం తలుపు దగ్గర ఒక బోర్డు ఉండేది. ఇక్కడ దయ్యాలు ఉన్నాయని చెప్పుకుంటారు, అవి ఏమైనా చేస్తే యాజమాన్యానికి బాధ్యత లేదు అని దాని సారాంశం. అమెరికాలో దయ్యాల చోట్ల జాబితా ఎవరు రాసినా ఈ బార్ పేరు అందులో ఉంటుంది.

బార్ సంగతి మన ఇళ్ళకి ఎందుకు అని ఎవరైనా అనుకోవచ్చు. నిజమే, బార్‌తో మనకు పని లేదు. కానీ "ఆ ఇంట్లో ఏదో ఉందంట", "ఆ గదిలో అసర్ ఉందంట" అనే మాట వినని మొహల్లా లేదు. ఆ మాట వల్ల ఇళ్ళు అద్దెకు పోకుండా ఉండిపోతాయి, కొనుగోళ్ళు ఆగిపోతాయి, జబ్బు చేసిన మనిషిని డాక్టర్ దగ్గరికి కాకుండా ఇంకెక్కడికో తీసుకెళ్తారు. అలాంటి మాట ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, దాని మీద ఎవరు సంపాదిస్తారు అనేది ఈ ఒక్క బార్ కథలో మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది. అందుకే చెప్పుకోవాలి.

బార్ గురించి చెప్పే కథ

ఇంతకీ ఆ కథ ఏమిటి? 1800ల్లో ఆ చోట పశువుల కబేళా ఉండేదని, రక్తం పోవడానికి నేలమాళిగలో ఒక బావి తవ్వారని చెబుతారు. కబేళా మూతపడ్డాక సైతానును కొలిచే ఒక ముఠా ఆ బావి దగ్గర రహస్యంగా పూజలు చేసేదట. 1896లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక గర్భవతిని చంపి, ఆమె తలను ఆ బావిలోనే వేశారట. అప్పటి నుంచి ఆ బావి "నరకానికి ద్వారం" అయిందట. తల లేని ఆ అమ్మాయి ఇప్పటికీ అక్కడే తిరుగుతోందట.

ఇంకో కథ జొహానా అనే డాన్సర్‌ది. 1950ల్లో ఆ భవనంలో నైట్‌క్లబ్ నడిచేది. ఆమె తండ్రి ఆ క్లబ్ యజమాని. ఆమె ఒక గాయకుడిని ప్రేమించింది. ఆమె గర్భవతి అని తెలిసి తండ్రి ఆ గాయకుడిని చంపించాడు. ఆమె తండ్రికి విషం పెట్టి, తానూ విషం తాగి నేలమాళిగలో చనిపోయింది. ఆమె వచ్చినప్పుడు గులాబీ వాసన వస్తుందట.

ఈ రెండింటికీ తోడు చిన్న చిన్న కథలు బోలెడు. బార్ పై అంతస్తులో ఉండే కేర్‌టేకర్, కరెంటు ప్లగ్గు తీసేసిన పాటల పెట్టె దానంతటదే మోగుతోందని, ఆపేసిన లైట్లు మళ్ళీ వెలుగుతున్నాయని చెప్పాడు. తనను ఏదో పట్టిందని కూడా అన్నాడు. ఎవరో తోసినట్టు, ఎవరో గీరినట్టు అనిపించిందని చెప్పిన కస్టమర్లూ ఉన్నారు.

ఇప్పుడు వీటిలో ఏది రికార్డులో ఉంది, ఏది లేదు అని చూద్దాం.

రికార్డులో ఉన్నది: పెర్ల్ బ్రయాన్

హత్య నిజం. 1896 ఫిబ్రవరి 1న, ఫోర్ట్ థామస్ దగ్గర ఒక పొలంలో తల లేని యువతి శవం దొరికింది. ఆ పొలానికీ ఇప్పుడు చెప్పుకుంటున్న బార్‌కీ మధ్య మైళ్ళ దూరం ఉంది. ముఖం లేదు కాబట్టి ఆమె ఎవరో పోలీసులకు తెలియలేదు. చివరికి దారి చూపించింది ఆమె కాళ్ళకున్న బూట్లు. చిన్న సైజు బూట్లు, వాటి మీద ఇండియానా రాష్ట్రం గ్రీన్‌కాసిల్ ఊళ్ళోని ఒక దుకాణం ముద్ర. డిటెక్టివ్‌లు ఆ ఊరికి వెళ్ళి, దుకాణం రికార్డుల్లో ఆ రకం జత ఎవరెవరు కొన్నారో ఆరా తీశారు. అలా బయటపడిన పేరు పెర్ల్ బ్రయాన్. కాస్త కలిగిన రైతు కుటుంబపు పిల్ల. వయసు ఇరవై రెండు దాటి ఉంటుంది. ఇండియానాపోలిస్‌లో స్నేహితురాలిని చూసి వస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరింది. వెళ్ళింది మాత్రం సిన్సినాటికి. అప్పటికి ఆమెకు ఐదో నెల.

సిన్సినాటిలో స్కాట్ జాక్సన్ అనే దంత వైద్య విద్యార్థి ఉన్నాడు. గ్రీన్‌కాసిల్‌లోనే పెర్ల్‌కి పరిచయమయ్యాడు. గర్భం సంగతి గుట్టుగా తీర్చేస్తానని ఆమెను పిలిపించుకున్నాడని, తన తోటి విద్యార్థి అలొంజో వాలింగ్‌తో కలిసి చంపాడని ప్రాసిక్యూషన్ వాదించింది. కోర్టులో ఇద్దరూ నేరం ఒకరి మీద ఒకరు తోసుకున్నారు. విడివిడిగా విచారించారు, ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. 1897 మార్చి 20న న్యూపోర్ట్‌లో ఇద్దరినీ ఉరితీశారు.

తల మాత్రం దొరకలేదు. పోలీసు కుక్కలతో వెతికారు. అనుమానం వచ్చి ఒక మంచినీటి రిజర్వాయర్‌ని మొత్తం ఖాళీ చేయించి చూశారు. కనీసం తలతో సహా పూడ్చుకుంటాం, ఎక్కడుందో చెప్పమని కుటుంబం ప్రాధేయపడింది. ఇద్దరూ చెప్పకుండానే ఉరికంబం ఎక్కారు.

రికార్డు ఇక్కడితో అయిపోతుంది. ఈ కేసును ఆనాటి పత్రికలు రోజూ రాశాయి, దేశమంతా చదివింది. కోర్టులో సాక్షి తర్వాత సాక్షి వచ్చారు. అంత వివరంగా నడిచిన కేసులో సైతాను పూజల మాట లేదు. కబేళా మాట లేదు. బావి మాట లేదు. బార్ కథలో జనాన్ని భయపెట్టే ముక్కలన్నీ, కేసులో లేని ముక్కలే.

రికార్డులో లేనిది: జొహానా

జొహానా కథ ఇంకా తేలిక. ఆ భవనంలో 1950ల్లో లాటిన్ క్వార్టర్ అనే నైట్‌క్లబ్ నడిచిన మాట నిజం. ఆ రోజుల్లో న్యూపోర్ట్ చుట్టుపక్కల జూదం, దొంగ వ్యాపారం బాగా నడిచేవి. క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన ముఠాలు అక్కడి క్లబ్బుల్ని బెదిరించి చేతిలోకి తీసుకునేవి. 1961లో షెరీఫ్ ఎన్నిక దాకా ఆ ఊరికి "పాపాల పట్టణం" అనే పేరు ఉండేది. కాబట్టి అలాంటి చోట ఒక తండ్రి ఒక గాయకుడిని చంపించాడంటే వినేవాళ్ళకి నమ్మబుద్ధి అవుతుంది.

కానీ కథకు ఆధారం కావాలి కదా. ఒక ఇంట్లో ముగ్గురు చనిపోతే మరణ ధృవీకరణ ఉంటుంది, పోలీసు కేసు ఉంటుంది, పేపర్లో వార్త ఉంటుంది. జొహానా విషయంలో అలాంటి ఆధారం ఏదీ బయటికి రాలేదు. పైగా ఆ కథలో గాయకుడి పేరు రాబర్ట్ రాండల్ అంటారు. బాబీ మాకీ అసలు పేరు కూడా రాబర్ట్ రాండలే. పెర్ల్ ఐదో నెల గర్భవతి అయితే జొహానా కూడా ఐదో నెల గర్భవతే. ఒక కథలోంచి ఇంకో కథకి అరువు తెచ్చుకున్నట్టు కనిపించడం లేదూ? తర్వాత బాబీ మాకీ జొహానా మీద ఒక పాట కూడా కట్టి పాడాడు. పాట వచ్చాక కథ ఇంకా గట్టిపడింది.

పుకారు పెట్టుబడి ఎలా అయింది

బాబీ మాకీ బార్ పెట్టింది పాటల కోసం. దయ్యాలంటే తనకు నమ్మకం లేదని చాలాసార్లు అన్నాడు కూడా. మొదట్లో ఈ మాటలు బయటికి పొక్కితే కస్టమర్లు రారేమో అనే భయమే ఉంటుంది ఎవరికైనా. జరిగింది మాత్రం దానికి తిరగబడి.

1990ల మొదట్లో ఈ బార్ కథల మీద ఒక పుస్తకం వచ్చింది. అమెరికాలో అంతకుముందు కొన్నేళ్ళుగా సైతాను ముఠాలు ఊరూరా ఉన్నాయనే భయం టీవీల్లో, పత్రికల్లో ఊపేసింది. పెర్ల్ హత్యకు సైతాను పూజలు అతుక్కుని జనంలోకి వెళ్ళింది సరిగ్గా ఆ వాతావరణంలోనే. 1896 నాటి విషయానికి 1990ల నాటి భయం తోడైంది.

అదే సమయంలో ఒక విచిత్రమైన దావా పడింది. బార్ టాయిలెట్లో కౌబాయ్ టోపీ పెట్టుకున్న దయ్యం తనను కొట్టిందని ఒక కస్టమర్ కోర్టుకెక్కాడు. వెయ్యి డాలర్ల నష్టపరిహారం ఇవ్వాలని, లోపలికి వచ్చేవాళ్ళని హెచ్చరిస్తూ బోర్డు పెట్టాలని అడిగాడు. కోర్టు ఆ కేసు కొట్టేసింది. బోర్డు మాత్రం వచ్చింది. కామర్స్ చదివిన ఎవరికైనా ఇక్కడ ఒక సంగతి అర్థమవుతుంది. చూడ్డానికి అది బాధ్యత తప్పించుకునే బోర్డు, చేసే పని మాత్రం ప్రకటన బోర్డు పని. ఏ ఏజెన్సీకి డబ్బు ఇచ్చినా అంత మంచి ప్రకటన దొరకదు.

2008లో గోస్ట్ అడ్వెంచర్స్ అనే టీవీ షో తన మొదటి ఎపిసోడ్‌నే ఈ బార్‌లో తీసింది. ఆ తర్వాత వేరే రాష్ట్రాల నుంచి కూడా జనం రావడం మొదలైంది. నేలమాళిగ చూపించడానికి టూర్లు పెట్టారు, టూర్‌కి టికెట్టు పెట్టారు. పుకారు ఇప్పుడు బ్యాలెన్స్ షీటులో గుడ్‌విల్ లాంటి ఆస్తి అయిపోయింది. ఆస్తి అయ్యాక దాన్ని ఎవరూ సరిచూడరు. "ఈ బావి కథకు రుజువు లేదు" అని చెబితే టికెట్టు ఎవరు కొంటారు?

అదే మాట ఇంటికి వస్తే

బార్‌కి లాభం తెచ్చిన మాటే ఇంటికి నష్టం తెస్తుంది. దీనికి కూడా అమెరికాలోనే ఒక ప్రసిద్ధ కేసు ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో నయాక్ అనే ఊళ్ళో ఒక పాత ఇంటి యజమానురాలు తన ఇంట్లో దయ్యాలున్నాయని రీడర్స్ డైజెస్ట్‌లో, స్థానిక పత్రికల్లో గొప్పగా చెప్పుకుంది. తర్వాత ఆ ఇంటిని 6,50,000 డాలర్లకు అమ్మకానికి ఒప్పందం చేసుకుంది. కొనే మనిషి బయటి ఊరివాడు, ఈ సంగతి తెలియదు. 32,500 డాలర్లు బయానా ఇచ్చాక తెలిసింది. ఒప్పందం రద్దు చేయమని కోర్టుకు వెళ్ళాడు.

1991లో అప్పీలు కోర్టు కొన్నవాడి పక్షాన తీర్పు ఇచ్చింది. దయ్యాలున్నాయని కోర్టు తేల్చిందని ఈ తీర్పు గురించి చాలామంది చెప్పుకుంటారు. తీర్పు సారం అది కాదు. ఊరంతా దయ్యాలున్నాయని నువ్వే చాటుకున్నావు, ఆ పేరు వల్ల ఇంటి ధర మీద ప్రభావం పడుతుంది, ఇప్పుడు అమ్మేటప్పుడు ఆ సంగతి దాచి, తర్వాత లేవని అంటే కుదరదు అని అమ్మినామెకు చెప్పింది. అంటే కోర్టు లెక్కలోకి తీసుకున్నది దయ్యాన్ని కాదు, దయ్యం ఉందన్న పేరుని. నోటి మాటకు ఎంత ఖరీదు ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరి జనానికి ఎందుకు అలా అనిపిస్తుంది

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. కథలు అబద్ధమైతే, అంతమంది ఏదో తగిలింది, ఏదో కనిపించింది అని ఎందుకు చెబుతారు? అందరూ అబద్ధాలాడుతున్నారా? లేదు. చాలామంది నిజంగా తమకు అనిపించిందే చెబుతారు. అనిపించడానికి కారణాలు వేరే ఉంటాయి.

మొదటిది, ముందే విన్న మాట. 1997లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. 22 మందిని ఒక పాత థియేటర్‌లోకి పంపారు. సగం మందికి ఇక్కడ దయ్యాలున్నాయని పేరు ఉంది అన్నారు. మిగతా సగానికి ఇక్కడ మరమ్మతులు జరుగుతున్నాయి అని మాత్రమే చెప్పారు. చోటు ఒకటే, చీకటి ఒకటే. దయ్యాల మాట విన్నవాళ్ళకే వింత అనుభవాలు ఎక్కువ కలిగాయి. తలుపు దగ్గరే బోర్డు చదివి లోపలికి వెళ్ళేవాడి పరిస్థితి ఊహించుకోండి. అందులో అది బార్, వచ్చినవాళ్ళలో చాలామంది తాగి ఉంటారు. ఆ స్థితిలో మెట్ల మీద కాలు జారినా ఎవరో తోసినట్టే ఉంటుంది.

రెండోది, చెవికి వినిపించని శబ్దం. బ్రిటన్‌లో విక్ టాండీ అనే ఇంజనీర్ పనిచేసే లేబొరేటరీలో అందరికీ ఏదో గుబులుగా ఉండేది. ఆయనకు కంటి అంచున బూడిద రంగు ఆకారం కూడా కనిపించింది. వెతికితే ఒక కొత్త ఫ్యాను సెకనుకు సుమారు 19 సార్లు కంపించే ధ్వని పుట్టిస్తోందని తేలింది. ఫ్యాను సరిచేశాక ఆ గుబులు పోయింది. 1998లో ఆయన దీన్ని వివరంగా రాశారు. ప్రతి చోటా ఇదే కారణం అని చెప్పలేం. కానీ వెతికితే కారణం దొరకవచ్చని మాత్రం తెలుస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అది ప్రాణం తీస్తుంది. 1921లో విలియం వైల్మర్ అనే అమెరికన్ కంటి డాక్టర్ ఒక కుటుంబం సంగతి ప్రచురించారు. కొత్తగా ఒక పాత ఇంట్లోకి మారాక వాళ్ళకి రాత్రుళ్ళు అడుగుల చప్పుడు వినిపించేది, ఎవరో నిలబడ్డట్టు కనిపించేది. ఇంట్లో అందరికీ తలనొప్పి, నీరసం. పిల్లలు పాలిపోయారు, కుండీల్లో మొక్కలు చచ్చిపోయాయి. చివరికి తేలింది ఏమిటంటే, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడై కార్బన్ మోనాక్సైడ్ ఇల్లంతా పాకుతోంది. కొలిమి బాగుచేశాక ఇంట్లో "దయ్యాలు" పోయాయి.

ఈ గ్యాసుకి వాసన ఉండదు, రంగు ఉండదు. మన ఇళ్ళల్లో కొలిమి లేకపోవచ్చు, గ్యాస్ గీజర్ ఉంది. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వేసుకుని స్నానం చేస్తూ పడిపోయి చనిపోయినవాళ్ళ వార్తలు ప్రతి చలికాలం వస్తూనే ఉంటాయి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే ప్రమాదం. జనరేటర్ లోపల నడిపినా ఇదే.

కాబట్టి ఇంట్లో ఒక గదిలోకి వెళ్తేనే తల తిరుగుతోంది, వాంతి వచ్చినట్టుంది, ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వస్తోంది, బయటికి వెళ్తే తగ్గుతోంది అంటే ముందు కిటికీలు తెరవాలి, బయటికి రావాలి, డాక్టర్‌ని చూడాలి, గ్యాస్ సామాను మెకానిక్‌కి చూపించాలి. "అసర్" అని ఎవరైనా అంటే అనుకోనివ్వండి. ఈ పనులు మాత్రం ముందు జరగాలి.

నమ్మకం వేరు, సాక్ష్యం వేరు

కంటికి కనిపించని సృష్టి ఉందని నమ్మడం ఒకటి. ఫలానా ఇంట్లో, ఫలానా గదిలో, ఫలానా చనిపోయిన మనిషి తిరుగుతోందని ఎవరో చెబితే ఏమీ అడక్కుండా ఒప్పుకోవడం ఇంకొకటి. మొదటిది దీన్‌కి సంబంధించిన విషయం. రెండోది ఒక వార్త, వార్తని సరిచూడాలి. ఎవరు చూశారు? ఎప్పుడు? చెప్పినవాడికి దాంట్లో ఏం లాభం? ఇల్లు చవగ్గా కొట్టేయాలని చూస్తున్నాడా? వదిలిస్తానని డబ్బు అడుగుతున్నాడా? ఈ ప్రశ్నలు అడిగినందుకు ఎవరి ఈమాన్ తగ్గిపోదు.

బాబీ మాకీస్ కథలో ఈ ప్రశ్నలు అడిగిన వాళ్ళకి సమాధానాలు దొరికాయి. బావి కథకు రికార్డు లేదు, జొహానాకు రికార్డు లేదు, సైతాను ముఠాకు రికార్డు లేదు. మిగిలింది పెర్ల్ ఒక్కతే. మోసపోయి, ఇంట్లో చెప్పుకునే ధైర్యం లేక, నమ్మినవాడి దగ్గరికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్న ఒక ఆడపిల్ల.

ఆమె విషయంలో జనం మొదటి రోజు నుంచీ అలాగే ఉన్నారు. శవం దొరికిన పొలానికి గుంపులు గుంపులుగా వచ్చి, రక్తం అంటిన ఆకుల్ని గుర్తుగా తీసుకుపోయారు. గ్రీన్‌కాసిల్‌లోని సమాధి రాయిని కూడా గుర్తుల కోసం ముక్కలు ముక్కలుగా పగలగొట్టుకుపోయారు, చివరికి అడుగు రాయి మాత్రం మిగిలింది. నూరేళ్ళ తర్వాత ఆమె పేరు మీద నేలమాళిగ టూర్లకు టికెట్లు అమ్ముడుపోయాయి.

ఆ బార్ భవనాన్ని 2024లో కూల్చేశారు. "నరకానికి ద్వారం" అన్న చోట ఏ నరకమూ బయటపడలేదు. గ్రీన్‌కాసిల్ శ్మశానంలో మాత్రం ఇప్పటికీ కొందరు పెర్ల్ సమాధి దగ్గరికి వచ్చి, ఆ అడుగు రాయి మీద ఒక్కో సెంటు నాణెం పెట్టి వెళ్తారు. నాణెం మీద లింకన్ తల ఉంటుంది. ఆ తల వైపు పైకి ఉండేలా పెడతారు. లేపబడే రోజున ఆమెకు తల ఉండాలని వాళ్ళ కోరిక. ఆ పిల్ల పేరు చెప్పి ఇన్నేళ్ళుగా జనం చేసినవాటిలో, ఆమెను ఒక మనిషిగా తలుచుకున్న పని అదొక్కటే.